రంగు మారని సీసా

ఆసుపత్రి కింది అంతస్తులో, లాండ్రీకీ మందుల గోడౌనుకూ మధ్య ఒక గది ఉంది. ఆపరేషన్లకు వాడిన కత్తెరలు, పట్టకార్లు, సుత్తులు అక్కడికే దిగుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, సెట్లుగా పేర్చి, గుడ్డలో మూటగట్టి, బీరువా అంత మెషీన్‌లోకి తోసి ఆవిరి పట్టిస్తారు. ఆ గది ఇన్‌ఛార్జిని నర్సులు ఆవిరక్క అంటారు. మొదట ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు. ఇప్పుడు డాక్టర్లు కూడా ఫోన్ చేసి "ఆవిరక్క ఉందా?" అనే అడుగుతారు. ఆమె కూడా "ఉంది, చెప్పండి" అంటుంది.

ఆ పనిలో ఒక చిక్కుంది. క్రిములు చచ్చిన కత్తెరా, చావని కత్తెరా చూడ్డానికి ఒకటే. మూటకు అంటించే టేపు మీద నల్లచారలు తేలతాయి గాని, మూట వేడిలోకి వెళ్ళొచ్చిందని మాత్రమే అవి చెబుతాయి. లోపలి సంగతి వాటికి తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆవిరక్క మొదటిరోజే ఈ మాట చెప్పేస్తుంది. "ఇక్కడ కళ్ళని నమ్మకండి. కళ్ళతో తేలే పనైతే మనకి జీతాలెందుకిస్తారు?"

అందుకని సీసాలున్నాయి. చిటికెనవేలంత సీసా. అందులో ఊదారంగు నీళ్ళు, ఆ నీళ్ళలో ఓ పట్టాన చావని క్రిములు. మనిషికి హాని చేసే రకం కాదు. ఒక సీసాను సామానుతోపాటు మెషీన్‌లో పెడతారు. రెండోదానికి మెషీన్ మొహం చూపించరు. దాన్ని సాక్షి అంటారు. తర్వాత రెంటినీ ఒక చిన్న పెట్టెలో వెచ్చగా ఉంచుతారు. పొదిగే పెట్టె కాబట్టి దాని పేరు కోడిపెట్ట. మర్నాటికి మెషీన్‌లోకి వెళ్ళొచ్చిన సీసా ఊదాగానే ఉండాలి. అంటే క్రిములు చచ్చాయి. సాక్షి పసుపు రంగుకు మారాలి. అంటే ఆ క్రిములు అసలు బతికున్నవే. సాక్షి మారలేదంటే పరీక్ష జరగనట్టే లెక్క. చచ్చినవాటిని మళ్ళీ చంపి, చంపానని చెప్పుకున్నట్టు.

ఎముకలకు బిగించే ప్లేట్లూ స్క్రూలూ ఉన్న ట్రాలీకి ఎర్ర ట్యాగు తగిలించి పక్కన నిలబెడతారు. మర్నాడు సీసాలు చూశాకే ట్యాగు తిప్పుతారు. దాని వెనకవైపు పచ్చ. తిప్పే అధికారం ఆ గదిలో ఆవిరక్క ఒక్కదానికే ఉంది.

శనివారం పొద్దున ఆమె కోడిపెట్ట మూత తీసేసరికి, శుక్రవారం పెట్టిన రెండు సీసాలూ ఊదాగానే ఉన్నాయి.

రెంటినీ చేతిలోకి తీసుకుంది. చల్లగా తగిలాయి. తగిలినట్టు ఆమెకు తెలుసు. అంతలో ఫోన్ మోగింది. పైనుంచి థియేటర్ సిస్టర్.

"అక్కా, ఎముకల డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. ట్రాలీ ఏది?"

"సీసాలు చూస్తున్నా."

"చూసేదేముందక్కా, మీ మెషీన్ ఎప్పుడు తప్పింది గనక? పేషెంటు బల్ల మీదున్నాడు. నువ్వు పంపకపోతే ఆయన నన్ను ఉడకేసి తింటాడు."

సాక్షి మారలేదని చెబితే ఏమవుతుందో ఆవిరక్కకు తెలుసు. ట్రాలీలో సామానంతా విప్పి మొదటినుంచి చెయ్యాలి. ఆ రోజు ఎముకల ఆపరేషన్లు ఆగిపోతాయి. ఆకలితో పడుకున్న పేషెంట్లను తిరిగి వార్డులకు తోసుకెళ్ళాలి. మెషీన్ ఆమె చేతికింద ఒక్కసారి కూడా తప్పలేదు. గదిలో ఇంకెవరూ లేరు. ఉన్న ఇద్దరు అమ్మాయిలూ కడిగే తొట్ల దగ్గర వీపులు తిప్పి నిలబడ్డారు.

ఆమె ట్యాగు పచ్చవైపుకి తిప్పి ట్రాలీని లిఫ్టులోకి తోసింది. సీసాలు రెండూ చెత్తబుట్టలో పడేసింది. వాటిమీద ఒక కాగితం నలిపి వేసింది. ఆ కాగితం ఎందుకు వేసిందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తల్లి వంటింట్లో జారిపడింది.

తల్లి ఉండేది కొడుకు దగ్గర. కొడుకు పాస్టరు, ఆవిరక్కకు తమ్ముడు. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో కాపురం. అంబులెన్సులో తెచ్చి ఫోటో తీస్తే తుంటి ఎముక విరిగిందని తేలింది. సోమవారం పొద్దున ప్లేటు వేస్తామన్నారు. సాయంత్రం వార్డు బయట థియేటర్ సిస్టర్ కనబడి ఆవిరక్క భుజం మీద చెయ్యేసింది.

"బెంగపడకు అక్కా. అమ్మకి వేసే ప్లేటు నీ చేతిమీద వచ్చిందే. పొద్దున పంపావే, ఆ ట్రాలీలోదే."

ఆవిరక్క సరేనంది. సరేనన్నాక గోడకున్న కుర్చీలో కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో ఆమె చూసుకోలేదు.

ఇంటికెళ్ళాక భర్తతో చెప్పింది. ఆయన పార్సిల్ వ్యాను నడుపుతాడు. దేవుడు లేడంటాడు. పెళ్ళినాటికి అంత గట్టిగా అనేవాడు కాదు, బావమరిది పాస్టరయ్యాక గొంతు పెంచాడు. మనిషి చేసినదానికి మనిషే జవాబు చెప్పుకోవాలి, పైవాడి మీదకి తోసెయ్యకూడదు అనేది ఆయన వాదన. ఈ మాట టీ కొట్టులో చెబుతాడు, బంధువుల ఇళ్ళలో చెబుతాడు, పెట్రోలు పోయించుకుంటూ చెబుతాడు.

సంగతంతా విని ఆయన చాలాసేపు చెంప గోక్కున్నాడు.

"మెషీను ఎప్పుడైనా ఫెయిలైందా?"

"లేదు."

"మరింకేం? ఊరుకో. ఇప్పుడు నోరు తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇన్నేళ్ళ సర్వీసు."

"అమ్మకి వేస్తారండీ అది."

"అమ్మ సెట్టు ఒక్కటీ తీసి మళ్ళీ ఆవిరి పట్టు. ఇంకో మెషీనుందన్నావుగా, పళ్ళ డాక్టరు వాడేది."

ఆ ఆలోచన ఆమెకు కుర్చీలో కూర్చున్నప్పుడే వచ్చింది. ఆయన నోటివెంట విన్నాక ధైర్యం రావాల్సింది. రాలేదు. అన్నం మాత్రం తినగలిగింది.

ఆదివారం మామూలుగానే ఇద్దరూ వ్యానులో చర్చికి వెళ్ళారు. ఆవిరక్క లోపలికి, ఆయన వ్యానులోనే. చంటిపిల్లల తల్లులు ఆవరణలో కూర్చుంటారని పాస్టరు బయటికి ఒక లౌడ్‌స్పీకరు పెట్టించాడు. అది నేరుగా వ్యాను నిలిపే చోటికే తిరిగి ఉంటుంది. "లోపలున్నవాళ్ళలో సగంమంది కునుకు తీస్తారు, నేను మెలకువగా వింటాను. పుణ్యం నాకే ఎక్కువ రావాలి, ఇచ్చేవాడుంటే" అంటాడు ఆయన.

ఆ వారం ప్రసంగం దేవుణ్ణి కాదనేవాళ్ళ గురించి.

"దేవుడు లేడు అని మనసులో అనుకున్నవాడు ముందు దేవుణ్ణి పోగొట్టుకోడు," అన్నాడు పాస్టరు. "ముందు సిగ్గు పోతుంది. గదిలో ఎవరూ లేరు, తలుపు వేసుంది, అప్పుడు చెయ్యి ఏం చేస్తుంది? అక్కడ తెలుస్తుంది మనిషి దేవుణ్ణి నమ్మాడో లేదో. నమ్మనివాడి చెయ్యి ఆగదు. ఎందుకాగాలి? చూసేదెవరు?"

ముందువరసలో ఇద్దరు పెద్దమనుషులు కిటికీలోంచి వ్యానువైపు చూశారు. పాస్టరు చూడలేదు గాని, చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు. బావ గురించే అంటున్నాడని అందరికీ అర్థమైంది.

ఆవిరక్కకు మాత్రం ట్యాగు కనిపించింది. దాన్ని పట్టుకున్న తన వేళ్ళు కనిపించాయి. ఆ క్షణంలో దేవుడు చూస్తున్నాడని ఆమె అనుకోలేదు. చూడటంలేదని కూడా అనుకోలేదు. ఆ లెక్కలోకి దేవుడు రానేలేదు. ఎముకల డాక్టరు వచ్చాడు, సిస్టర్ వచ్చింది, వీపులు తిప్పిన అమ్మాయిలు వచ్చారు. చిన్నప్పటినుంచి ఆదివారం తప్పకుండా ఈ బెంచీలమీద కూర్చున్న మనిషికి ఆ ఒక్క నిమిషం దేవుడు లేడు. కాగితం ఎందుకు నలిపి వేసిందో ఇప్పుడు తెలిసింది. పిల్లి కప్పెట్టినట్టు కప్పెట్టింది.

పాట పాడుతున్నప్పుడు ఆమె పెదాలు కదిపింది. గొంతు రాలేదు.

ప్రార్థన అయి జనం బయటికి నడుస్తుంటే ఆమె పక్కగది తలుపు దగ్గర తమ్ముణ్ణి పట్టుకుంది. కుర్చీలూ, పాటల పుస్తకాల బీరువా, మైకు పెట్టె ఉండే గది అది.

"ఒరేయ్, నీతో మాట్లాడాలి."

"అక్కా, ఇంకా చర్చిలోనే ఉన్నాం. పాస్టరుగారూ అను, వింటే బాగోదు."

"ఒరేయ్ అన్నానంటే ఇంటి సంగతని అర్థం. తలుపు వెయ్యి."

తలుపు వేశాడు. ఆమె నిలబడే చెప్పింది. కోడిపెట్ట, సీసాలు, సాక్షి, ట్యాగు. మధ్యలో రెండుసార్లు ఆపి ఏది మారాలి, ఏది మారకూడదు అని అడిగాడు. చెప్పింది. చివర్లో, "ఇవాళ మధ్యాహ్నం వెళ్ళి అమ్మ సెట్టు ఒక్కటీ తీసి చిన్న మెషీన్‌లో మళ్ళీ పెడదామనుకుంటున్నా. ఎవరికీ తెలియదు," అంది.

"ఆ, అదే చెయ్యి," అన్నాడు పాస్టరు. "వెంటనే వెళ్ళు. నేను బావతో చెప్తాను."

తలుపు గడియమీద చెయ్యి కూడా వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బయట ఆవరణలో ఎవరో పిల్లాణ్ణి పిలుస్తున్నారు.

"అక్కా."

"చెప్పు."

"ఇప్పుడు నేనేమన్నాను?"

"అదే చెయ్యమన్నావు."

"మిగతా సెట్లు?"

ఆమె పాటల పుస్తకాల బీరువా వైపు చూపు తిప్పుకుంది.

"నిన్న ఆపరేషన్లయినవాళ్ళో?"

"ముగ్గురికి వేశారు."

పాస్టరు మైకు పెట్టె మీద కూర్చున్నాడు. మెడదాకా పెట్టుకున్న చొక్కా గుండీ విప్పాడు. ఆవిరక్క అతను ఏడుస్తాడేమో అనుకుంది. అతను నవ్వాడు. సంతోషం నవ్వు కాదు, దొరికిపోయిన పిల్లాడు నవ్వే నవ్వు.

"గంటసేపు అరిచానే మైకులో. దిగి ఇంకా నీళ్ళయినా తాగలేదు."

"నీదేముందిరా, నేను నిన్నంతా ఇదే అనుకున్నాను. సిస్టర్ అమ్మ పేరెత్తేదాకా నాకు ఆ ముగ్గురూ గుర్తుకు కూడా రాలేదు. అమ్మ పడకపోయుంటే ఈపాటికి మర్చిపోయుండేదాన్ని. అదీ నాకు భయం. తప్పు చేశానని కాదు. అంత హాయిగా ఎలా ఉన్నానని."

పాస్టరు విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇవాళ చెప్పిన బైబిలు వాక్యంలో రెండు ముక్కలున్నాయక్కా. మొదటి ముక్క, లేడనేవాడు చెడిపోయాడని. రెండో ముక్క, పైనుంచి చూస్తే అందరూ అలాగే ఉన్నారు, ఒక్కడూ మిగల్లేదని. రెండూ ఒకే ఊపులో చెప్పాలి. భోజనాల వేళ దాటుతుందని మొదటిది ఇవాళ చెప్పి రెండోది వచ్చేవారానికి ఉంచాను."

"అందుకే అందరూ వ్యానువైపు చూశారు."

"చూశారా?"

"చూడమన్నట్టే చెప్పావుగా."

తలుపు తోసుకుని భర్త లోపలికి వచ్చాడు. వ్యాను తాళంచెవి వేలికి తిప్పుకుంటున్నాడు.

"ఏం పాస్టరుగారూ, ఈ వారం పేరొక్కటే తక్కువ. చొక్కా రంగు కూడా చెప్పేస్తే సరిపోయేది." ఇద్దరి మొహాలూ చూసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పావా?"

"చెప్పింది," అన్నాడు పాస్టరు. "నీకెప్పుడు తెలుసు బావా?"

"నిన్న సాయంత్రం."

"తెలిసి?"

"ఊరుకోమన్నాను."

"మనిషే జవాబు చెప్పుకోవాలంటావుగా. ఊరంతా చెబుతావు."

"అంటాను. నిన్న ఆ మాట నోటికి రాలేదు. మీ అక్క ఉద్యోగమే కనబడింది కళ్ళకి." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు ఏమన్నావేంటి?"

"నేనూ అదే అన్నాను. అమ్మ సెట్టు ఒక్కటీ కడగమన్నాను."

భర్త ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు. "బాగుంది. నేను లేడని పైకి అని తిట్లు తింటున్నాను. మీరు ఆ మాట అనకుండానే పని కానిచ్చేశారు."

"నీ వాటా కూడా ఉందిలే బావా, మరీ ఎగరకు."

"కాదన్నానా?"

ఆవిరక్కకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు, మధ్యలో ఏడుపైంది, మళ్ళీ నవ్వైంది. శనివారం నుంచి తనొక్కతే ఏదో అయిపోయానని, అందరూ ఒక ఒడ్డున ఉంటే తను వేరే ఒడ్డున పడ్డానని అనిపిస్తూ ఉంది. ఇప్పుడు చూస్తే ప్రార్థన చేసేవాడూ, చెయ్యనివాడూ, తనూ ఒకే గదిలో మడత కుర్చీల మధ్య కూర్చుని ఉన్నారు. దానివల్ల తప్పు తగ్గలేదు. దాన్ని పట్టుకుని లేవడానికి మాత్రం వీలు చిక్కింది.

"పదండి ఆసుపత్రికి. సిస్టర్‌కి ఫోన్ చేస్తాను."

"ఉద్యోగం?" అన్నాడు భర్త.

"పోతే పోతుంది. మీ వ్యానులో పార్సిళ్ళు ఎత్తుతాను."

"నా వ్యానులోకి ట్యాగులు తిప్పేవాళ్ళని తీసుకోను."

పాస్టరు తనూ వస్తానన్నాడు. భోజనాలకు పిలిచిన పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారని ఎవరో తలుపు తట్టి చెప్పారు. "కానిచ్చెయ్యమనండి, నాకు పనుంది" అన్నాడు. వ్యానులో ముగ్గురూ ముందుసీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. దారిలో ఎవరూ ప్రార్థన మాటెత్తలేదు. పాస్టరు కళ్ళు మూసుకుంటే బావ స్పీడ్‌బ్రేకరు దగ్గర కావాలనే ఎగరేశాడు.

థియేటర్ సిస్టర్ ఇంటి బట్టల్లోనే వచ్చింది, తల తడిగా ఉంది. కింది గదిలో ఆవిరక్క చెబుతుంటే ఆమె మొదట అర్థం కానట్టు చూసింది.

"నువ్వేనా అక్కా?"

"నేనే."

"ఇంకెవరైనా చేసుంటే నాకింత కోపం వచ్చేది కాదు. నీ ట్యాగు చూస్తే నేను మూట కూడా తిప్పి చూడను తెలుసా?"

"తెలుసు."

"ఫోన్‌లో తొందరపెట్టింది నేనే. అది కూడా చెప్పు పైవాళ్ళకి."

"నువ్వు తొందరపెట్టావు. తిప్పింది నేను. రెండూ చెబుతాను, కలిపి చెప్పను."

సిస్టర్ ఫోన్ తీసింది. ఎముకల డాక్టరుకి ఫోన్ చేసింది. అవతలి గొంతు గది ఆ చివరదాకా వినబడింది. ఆయన అరవాల్సినంతా అరిచి, సోమవారం ఆపరేషన్లన్నీ ఆపమని, ట్రాలీలో మిగిలిన సెట్లన్నీ కిందికి దించమని, శనివారం చేసిన ముగ్గురినీ తనే వచ్చి చూస్తానని చెప్పాడు. "ఆవిరక్కకి ఫోనివ్వు" అన్నాడు. ఆమె తీసుకుంది.  "రేపు ఆఫీసుకి రా" అని పెట్టేశాడు.

ట్రాలీ దిగింది. ఆవిరక్క ఒక్కో మూటా విప్పడం మొదలుపెట్టింది. సిస్టర్ తడి జుట్టు ముడేసుకుని పక్కన నిలబడి అందించింది. భర్తనీ తమ్ముణ్ణీ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. వాళ్ళు వరండాలో బల్లమీద కూర్చుని గుసగుసగా కొట్లాడుకుంటున్నారు. దేవుడు ఉన్నాడా లేడా అని కాదు, సోమవారం అమ్మ దగ్గర ఎవరుండాలి అని.

కొత్త సీసాలు పెట్టడానికి ఆవిరక్క కోడిపెట్ట దగ్గరికి వెళ్ళింది. మూత మీద చెయ్యేసింది. పెట్టె చల్లగా ఉంది. వైరు పట్టుకుని వెళ్తే గోడదాకా వెళ్ళింది. ప్లగ్గు ఊడి నేలమీద పడుంది. ఆ సాకెట్లో నేల తుడిచే మెషీన్ వైరు ఉంది. శుక్రవారం సాయంత్రం శుభ్రం చేసినవాళ్ళెవరో దీన్ని పీకి దాన్ని పెట్టారు. వెచ్చదనం లేక సాక్షిలో క్రిములు పెరగలేదు. సాక్షి పసుపు తిరగకపోవడానికి కారణం అంతే.

"అంటే మెషీన్ మంచిదేనా?" అంది సిస్టర్.

"మంచిదే అయ్యుండాలి. రేపటికిగాని చెప్పలేను."

"ఊరికే ఊరట కోసమైనా చెప్పవచ్చుగా."

"నిన్న అదే చెప్పాను."

సిస్టర్ నుదురు కొట్టుకుని నవ్వింది.

శనివారం తను ఆ సీసాల్ని పట్టుకున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి ఎందుకు చల్లగా ఉన్నాయని అడిగుంటే ప్లగ్గు అప్పుడే దొరికేదని ఆవిరక్క అనుకుంది. ఆ మాట సిస్టర్‌తో అనలేదు. మర్నాడు ఆఫీసులో అంది.

ఆఫీసులో ఇన్‌ఛార్జి పని తీసేశారు. ఉద్యోగం తియ్యలేదు. ఇకనుంచి ట్యాగు తిప్పాలంటే ఇద్దరు సీసాలు చూడాలి, ఆ ఇద్దరిలో ఆరునెలలపాటు ఆవిరక్క ఉండకూడదు అన్నారు. ఆమె వింటూ తలూపింది. బయటికొస్తుంటే భుజాలు తేలికగా అనిపించాయి. ఇన్నేళ్ళూ ఒక్కదాని చేతిలో ఎందుకు పెట్టారో, తనెందుకు ఒప్పుకుందో ఆమెకు అంతుబట్టలేదు. పైగా ఆ ఒక్కత్తీ తనేనని లోలోపల మురిసింది కూడా.

మధ్యాహ్నానికి సీసాలు తేలాయి. మెషీన్‌లోకి వెళ్ళింది ఊదా. సాక్షి పసుపు, గుడ్డు సొనంత పసుపు. కడిగే తొట్ల దగ్గరి అమ్మాయిలు ఇద్దరూ వచ్చి చూశారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. శుక్రవారం కూడా మెషీన్ పని చేసే ఉంటుందని, శనివారం సెట్లు విప్పినప్పుడు మూటల లోపల పెట్టే, ఆవిరి తగిలితే రంగు మారే చీటీలు సరిగానే మారి ఉన్నాయని, ముగ్గురిలో ఎవరికీ జ్వరం లేదని ఎముకల డాక్టరు తేల్చాడు. వారంపాటు కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆపరేషన్లు బుధవారానికి పెట్టారు.

మంచంమీద తల్లికి సంగతి చెప్పింది ఆవిరక్కే. తల్లి కళ్ళద్దాలు పెట్టుకుని విన్నది. కళ్ళద్దాలు పెట్టుకుంటేనే ఆమెకు మాటలు బాగా వినబడతాయని ఇంట్లో అందరూ నవ్వుకుంటారు.

"అయితే నాకోసం చెప్పావన్నమాట."

"అవునమ్మా. ముందు నీకోసమే."

"మీ తమ్ముడో?"

"వాడూ నీ సెట్టు ఒక్కటే కడగమన్నాడు."

"అల్లుడు?"

"ఆయన అసలు ఊరుకోమన్నారు."

తల్లి దుప్పటి అంచు సర్దుకుంది. "ముగ్గురికి ముగ్గురూ సరిపోయారు. మీ నాన్నుంటే ఇంకోడు తోడయ్యేవాడు." "ఆ మొన్నటివాళ్ళకి తెలుసా?" అంది.

"డాక్టరుగారు చూశారు."

"చూశారు సరే. తెలుసా?"

డాక్టరు చెప్పలేదు. పరీక్ష బాగానే వచ్చింది కాబట్టి చెప్పి భయపెట్టడం ఎందుకన్నాడు. ఆఫీసువాళ్ళు ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ఆవిరక్క తిరిగి ఆఫీసుకి వెళ్ళి, నేను చెప్పుకుంటాను, నన్ను చెప్పనివ్వండి అని అడిగింది. ఆఫీసరు పెన్ను మూత పెట్టి, తీసి, సిస్టర్‌ని తోడు తీసుకెళ్ళమన్నాడు.

మొదటి ఇద్దరూ తొందరగానే అయిపోయారు. ఒకావిడ అర్థం కాక, "ఇప్పుడు బాగానే ఉందిగా?" అని రెండుసార్లు అడిగి పడుకుంది. ఒకాయన నిద్రలో ఉంటే కూతురు విని, తండ్రి లేచాక తనే చెబుతానంది. ఆమె మొహం గట్టిపడింది.

మూడో మనిషి రొట్టెలు కాల్చేవాడు. పిండి కలిపే మెషీన్‌లో పడి ముంజేయి విరిగితే ప్లేటు వేశారు. చెయ్యి కట్టుతో పైకి వేలాడుతోంది. చెప్పాల్సిందంతా ఆవిరక్క చెప్పింది. సాక్షి గురించి కూడా చెప్పింది.

"ఆగు," అన్నాడు అతను. "పరీక్ష తేలకుండానే నా చేతిలో పెట్టించావా?"

"అవునండి."

"పరీక్ష తేలలేదని నీకు తెలుసు?"

"తెలుసు."

"ఇప్పుడంతా బాగానే ఉందని తేలింది?"

"తేలింది."

"మరి చెప్పడమెందుకు? చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండి. అందుకే చెబుతున్నా."

అప్పుడు అతను తిట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా తిట్టాడు. బేకరీలో పొద్దున్నే పనివాళ్ళని లేపే గొంతు అది. నా చెయ్యి నీకు మేకు కొట్టే గోడలా కనిపించిందా అన్నాడు. నేను పులిసిపోయిన పిండితో రొట్టె చేసి నీ పిల్లలకి పెడితే ఊరుకుంటావా అన్నాడు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. సిస్టర్ రెండుసార్లు అడ్డుపడబోయింది. ఆవిరక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

తల దించుకోకుండా, అతని మొహంలోకి చూస్తూ మొత్తం విన్నది. అతను అన్నవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. శనివారం పొద్దుటినుంచి ఈ మాటలు ఎవరో ఒకరు తనని అనాల్సినవే. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ అనలేదు. ఆఫీసువాళ్ళు పద్ధతికొద్దీ అనలేదు. ఇప్పుడు అనాల్సిన మనిషే అంటున్నాడు. ఒక్కో మాట తగిలినప్పుడల్లా ఛాతీలో ఎక్కడో బిగిసి ఉన్నది ఒక్కో మెలిక వదులవుతోంది. చర్చిలో రాని గొంతు ఇప్పుడు వచ్చేట్టుంది. "అవునండి," అంది. "అవునండి."

అతనికి ఆయాసం వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు వైపు బాగున్న చెయ్యి చాపితే అందలేదు. ఆవిరక్క తీసి ఇచ్చింది. గుక్కెడు తాగి గ్లాసు తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

"నాకు భార్య ఉంది. ఆమె వచ్చాక ఇంకో విడత ఉంటుంది."

"వస్తానండి. ఎన్నింటికొస్తారు?"

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. 

"సాయంత్రం. ముందు ఆ దిండు కాస్త పైకి జరుపు, మెడ పట్టేస్తోంది."

ఆమె జరిపింది. "ఇంకొంచెం," అన్నాడు. ఇంకొంచెం జరిపింది.